వెనక వచ్చిన కొమ్ములు

"పయొనీర్" అన్న ఇంగ్లీషు మాటకు తెలుగులో సరైన మాట ఏమిటి? ఈ ప్రశ్న కొన్నేళ్ళుగా నన్ను వదలటం లేదు. నిఘంటువులు తిరగేస్తే మార్గదర్శి, ఆద్యుడు, అగ్రగామి అని కనబడతాయి. మూడూ గౌరవమైన మాటలే. తొలి కథకుడి గురించో, తొలి పత్రికా సంపాదకుడి గురించో రాసేటప్పుడు మనం వాడుకొనేవే. అయితే నేనుంటున్న విస్కాన్సిన్ రాష్ట్రంలో ఈ మాట సాహిత్య వ్యాసాలలో కాక పొలిమేరలలో, దారి పక్కన పాతిన ఫలకాల మీద కనిపిస్తూ వుంటుంది: పయొనీరుల శ్మశానం, పయొనీరుల బడి, పయొనీరుల గుడిసె. అక్కడ ఆ మాటకు అర్థం, అడవి కొట్టి, నేల దున్ని, దుంగలు పేర్చి ఇల్లు కట్టుకొన్న మనిషి. ఆ మనిషిని తెలుగులో ఏమని పిలవాలి?

ఈ పేచీ నాకు పుస్తకాల వల్ల రాలేదు, ఒక కాలిబాట వల్ల వచ్చింది. దాని పేరు ఐస్ ఏజ్ ట్రెయిల్. హిమయుగపు బాట అనుకొందాం. పొడవు సుమారు 1,200 మైళ్ళు. మొత్తం ఒక్క రాష్ట్రంలోనే వుంది. తూర్పున మిషిగన్ సరస్సు దాపున స్టర్జన్ బే వద్ద ఒక కొస, పడమట మిన్నెసోటా సరిహద్దున సెయింట్ క్రోయ్ నది ఒడ్డున మరొక కొస. ఈ రెండు కొసలనూ తిన్నని గీతతో కలిపితే బాట పొడవులో నాలుగో వంతు కూడా రాదు. బాట మాత్రం దక్షిణాన జేన్స్‌విల్ దాకా దిగి, మళ్ళీ ఉత్తరానికి ఎగబాకి, వంకలు తిరుగుతూ పోతుంది. చివరి హిమయుగంలో మంచు పలక ఎంతదాకా వచ్చి ఆగిందో, చాలా మేరకు ఆ అంచు పట్టుకొనే ఈ బాట నడుస్తుంది కనుక ఆ వంకలన్నీ మంచు గీసినవే.

ఇలాంటి బాట ఒకటి వుండాలని 1950లలో తలచినవాడు రేమండ్ జిల్మర్ అనే మిల్వాకీ న్యాయవాది. 1958లో ఇందుకోసం ఒక సంస్థను నెలకొల్పి, 1960లో కన్నుమూశాడు. 1980లో అమెరికా కాంగ్రెసు దీనిని జాతీయ బాటగా గుర్తించింది. 2023 డిసెంబరులో జాతీయ ఉద్యానాల వ్యవస్థలో భాగమయింది. ఇన్నేళ్ళు గడిచినా బాట ఇంకా పూర్తి కాలేదు. దాదాపు 700 మైళ్ళ మేరకే అసలైన కాలిబాట వుంది. మిగిలినచోట్ల రోడ్డు పక్కన, మొక్కజొన్న చేల మధ్య, ఎండలో నడవాలి. ఎందుకంటే ఆ నేల ఎవరో ఒకరి సొంతం. వారు ఇస్తేనో, అమ్మితేనో, కనీసం నడవనిస్తేనో బాట ముందుకు సాగుతుంది. భూమి ఎవరిదన్న ప్రశ్న ఈ బాటకు పుట్టుకతోనే వుందన్నమాట.

ఏకబిగిన నడిచేవారికి ఇది రెండు మూడు నెలల పని. నాబోటి ఉద్యోగస్తుడికి అది కుదరదు. ఆదివారాలు, పండుగ సెలవులు చూసుకొని ఏడెనిమిది మైళ్ళ తునకలుగా నడుస్తూ వచ్చాను. చెట్ల బోదెల మీద పసుపు రంగుతో వేసిన నిలువు పట్టీలే దారి గుర్తులు. ఒక పట్టీ దగ్గర నిలబడి చూస్తే తరువాతి పట్టీ కనబడాలి. జూన్ నెలలో దోమలు, పిడుదులు ఎక్కువ. మా ఊళ్ళో గేదెల చెవుల వెనక చూసిన పిడుదులు ఇక్కడ నా మేజోళ్ళ మీద పాకుతుంటే, ఇంత దూరం వచ్చినా పాత బంధువులు వదలలేదనిపించేది.

మంచు చేసిన పని ముందు చెప్పాలి. విస్కాన్సిన్‌లో దాని ఆనవాళ్ళు ఎంత స్పష్టమంటే, ఉత్తర అమెరికాలో చివరి హిమ విస్తరణకు ఈ రాష్ట్రం పేరే పెట్టారు. సుమారు 18,000 ఏళ్ళ కిందట మంచు పలక వెనక్కి తగ్గనారంభించింది. తగ్గుతూ తాను మోసుకొచ్చిన మట్టినీ, ఇసుకనూ, గులకరాళ్ళనూ గట్లుగా వదిలి వెళ్ళింది. మట్టిలో కూరుకుపోయిన పెద్ద పెద్ద మంచుగడ్డలు తరువాత కరిగిపోగా, పైనున్న నేల కుంగి గుంటలు పడ్డాయి. వాటిని కెటిల్స్ అంటారు. టీ కాచే గిన్నె అనుకోకండి; పెళ్ళివంటలకు వాడే మన గంగాళం వంటి ఆకారం. రాష్ట్రం ఆగ్నేయాన రెండు మంచు నాలుకలు ఒకదానితో ఒకటి ఒరుసుకొన్న చోట గట్లు, గంగాళాలు కలగలిసి పొడవైన వరుసగా ఏర్పడ్డాయి. ఆ గట్టు మీద నడుస్తుంటే ఒక పక్క గుంటలో నీరు, తామరాకులు, ఇంకో పక్క గుంటలో ఓక్ చెట్ల కొనలు మన కాళ్ళ దిగువన కనిపిస్తాయి.

బారబూ దగ్గరి డెవిల్స్ లేక్ ఇంకా విచిత్రం. అక్కడి ఊదారంగు క్వార్ట్‌జైట్ బండలు 160 కోట్ల ఏళ్ళ నాటివి. వాటి నడుమ వున్న లోయకు మంచు రెండు వైపులా మట్టికట్టలు వేసి పోయింది. మధ్యలో నీరు నిలిచి సరస్సయింది. "దయ్యాల చెరువు" అన్నది తెల్లవారు పెట్టిన పేరు. అంతకుముందునుంచీ అక్కడ వున్న హో-చంక్ జాతివారికి అది పవిత్రమైన సరస్సు. దక్షిణపు ఒడ్డున పక్షి ఆకారంలో పోసిన ఒక మట్టిదిబ్బ వుంది. రెక్కల చివర నుంచి చివరకు 150 అడుగులు. ఇటువంటి దిబ్బలను వెయ్యేళ్ళకు పూర్వం ఇక్కడివారు వేల సంఖ్యలో పోశారు. తరువాత నాగళ్ళ కింద చాలా భాగం చదునయిపోయాయి. పయొనీరు గుడిసె ముందు నిలబడి "ఇక్కడ మొదట అడుగు పెట్టినవారు" అని చదివి, ఆ తరువాత ఈ పక్షి ముందు నిలబడితే, మొదట అన్న మాట నిలవదు.

దారుల సంగతీ అంతే. పోర్టేజ్ అనే ఊరి మీదుగా మన బాట పోతుంది. అక్కడ ఫాక్స్ నది, విస్కాన్సిన్ నది ఒకదానికొకటి మైలున్నర దూరంలోకి వస్తాయి. ఫాక్స్ నీరు మహా సరస్సుల గుండా అట్లాంటిక్‌కు, విస్కాన్సిన్ నీరు మిసిసిపీ గుండా మెక్సికో సింధుశాఖకు చేరుతాయి. ఆ మైలున్నర మేర పడవను భుజాన మోస్తే ఖండాన్ని దాటవచ్చు. 1673లో మార్కెట్, జోలియే అనే ఇద్దరు ఫ్రెంచివారు అలాగే దాటారు. చరిత్ర పుస్తకాలలో వారు ఆద్యులు. కానీ వారు నడిచినది అప్పటికే అరిగిన దారి, చూపించినవారు స్థానికులు. 1835లో అమెరికా సైనికులు మూడు కోటలను కలుపుతూ వేసిన రోడ్డు కూడా చాలాచోట్ల పాత కాలిదారులను వెడల్పు చేసినదే. పయొనీర్ అన్న మాట ఫ్రెంచి నుంచి వచ్చింది. సైన్యానికి ముందు నడిచి దారి చదును చేసే కాలిబంటు అని మొదటి అర్థం. ఆ అర్థంలో చూస్తే ఫలకాల మీది మాట నిజమే చెబుతోంది, రాయించినవారు ఆ ఉద్దేశంతో రాయించకపోయినా.

ఇంతవరకు వస్తే పయొనీరులను తీసిపారేయటం సులువు. బాట నన్ను అంత సులువుగా పోనివ్వలేదు. పోర్టేజ్‌కు ఉత్తరాన పన్నెండు మైళ్ళ దూరంలో ఒక చిన్న సరస్సు చుట్టూ ఈ బాట తిరుగుతుంది. 1849లో స్కాట్లండు నుంచి వచ్చిన ఒక కుటుంబం ఆ ఒడ్డున సేద్యం మొదలుపెట్టింది. ఆ ఇంటి పెద్దకొడుకు జాన్ మ్యూర్, అప్పటికి పదకొండో ఏట వున్నాడు. పెద్దయ్యాక అమెరికాలో అడవుల పరిరక్షణకు ఆద్యుడని (మళ్ళీ అదే మాట!) పేరు పొందినవాడు. తన బాల్యం గురించి 1913లో ఒక పుస్తకం ప్రచురించాడు. నాలుగైదు జతల ఎడ్లు లాగే నాగలితో బీడు విరచటం, తెల్లవారకముందే లేచి చేసిన చాకిరీ, అన్నీ అందులో వున్నాయి. రెండవ పొలంలో నీటి కోసం అతడు ఒంటరిగా ఉలి, సుత్తి పట్టుకొని 90 అడుగుల బావి తవ్వాడు. ఎనభై అడుగుల లోతున విషవాయువు కమ్మి ప్రాణం పోబోయింది. ఒకటి రెండు రోజుల్లో కోలుకోగానే తండ్రి మళ్ళీ బావిలోకి దింపాడు. ఆ కష్టం అబద్ధం కాదు. ఆ మనుషుల చెమటను ఎవరూ కాదనలేరు.

అదే పుస్తకంలో ఒక వాదన వుంది. నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఇండియన్ల భూములు లాక్కొని వారిని తరిమివేయటం చూస్తే జాలి వేస్తోందని ఒక పొరుగాయన అంటాడు. మ్యూర్ తండ్రి ఒప్పుకోడు. ఇంత సారవంతమైన నేలను వేటాడుతూ తిరిగేవారికి వదిలివేయటం దేవుడి సంకల్పం కాజాలదు, వారికి వేల ఎకరాలు కావలసినచోట మనబోటి రైతులు కొద్ది నేలతో ఎందరినో పోషించగలరు అన్నది ఆయన వాదం. దానికి పొరుగాయన ఇచ్చిన జవాబు పదునైనది. మన సేద్యం కూడా మొరటుదే, తప్పుల తడకే. రేపు శాస్త్రం తెలిసిన రైతులు వచ్చి, మేము మీకన్నా అయిదింతలు పండిస్తామని చెప్పి ఇదే న్యాయంతో మనల్ని వెళ్ళగొడితే ఏమంటావు అన్నాడు. పక్కన వింటున్న పిల్లవాడికి పొరుగాయన మాటే సబబుగా తోచింది.

ఆ 1849లోనే, అక్కడికి ఎంతో దూరం లేని చోట, ఇంకొక మనిషి నలభై ఎకరాలు తన పేర రాయించుకొన్నాడు. ఆయన హో-చంక్ నాయకులలో ఒకడు. తెల్లవారు ఆయనను యెల్లో థండర్ అని పిలిచారు. పసుపు ఉరుము అని అర్థం. 1837లో వాషింగ్టన్ పిలిపించుకొన్న బృందంలో ఆయన వున్నాడు. భూములు వదులుకొనే అధికారం తమకు లేదని ఆ బృందం చెప్పినా సంతకాలు పెట్టించుకొన్నారు. ఖాళీ చేయటానికి ఎనిమిదేళ్ళు గడువని వారికి చెప్పారు. కాగితం మీద వున్నది ఎనిమిది నెలలు. మిసిసిపీకి తూర్పున వున్న తమ భూమి అంతా అలా పోయింది. ఆ తరువాత సైన్యం వారిని మళ్ళీ మళ్ళీ పడమటికి తరలించింది: అయోవా, మిన్నెసోటా, డకోటా, నెబ్రాస్కా. వారు మళ్ళీ మళ్ళీ నడిచి వెనక్కి వచ్చారు. యెల్లో థండర్ వేసిన ఉపాయం వేరు. భూమి కొనుక్కొన్న రైతును ఎవరూ తరమరు కదా అని ప్రభుత్వ భూముల కచేరీకి వెళ్ళి, తన తాతముత్తాతల నేలలోనే నలభై ఎకరాలు డబ్బిచ్చి కొన్నాడు. అప్పట్లో ఎకరం కనీస ధర డాలరుంబావు. సొంత ఊళ్ళో కొత్తగా వచ్చిన కాపులాగా పత్రం పుచ్చుకోవలసి వచ్చింది. 1874లో చనిపోయేదాకా ఆ చుట్టుపక్కలనే వున్నాడు.

ఈ వాదన నన్నెందుకు ఇంతగా పట్టుకొన్నదో చెప్పాలి. నేను పుట్టింది ఆంధ్రదేశంలో కాదు. కర్ణాటకలో, సింధనూరు తాలూకాలోని ఒక "క్యాంపు"లో. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయి ఎడమ కాలువకు నీళ్ళు వస్తాయని తెలిసి, కృష్ణా గోదావరి డెల్టాల నుంచి రైతులు వచ్చి రాయచూరు జిల్లాలో భూములు కొన్నారు. మా తాతగారు వారిలో ఒకరు. దివిసీమలో ఎకరం అమ్ముకొని ఇక్కడ పదెకరాలు కొన్నానని గర్వంగా చెప్పేవారు. మొదట గుడారాలు, తరువాత తాటియాకు పాకలు, ఆపైన పెంకుటిళ్ళు. డాబాలు వచ్చిన తరువాత కూడా ఊరి పేరు క్యాంపే. పాములు, మలేరియా, పొక్లెయిన్లు లేని రోజుల్లో నల్లరేగడిని ఎడ్లతో చదును చేసి మడులు కట్టిన కథలు వింటూ పెరిగాను. బాట పక్కన దుంగల గుడిసె చూసినప్పుడు నాకు పరాయితనం అనిపించక పోవటానికి కారణం అదే. మా తాతగారు పయొనీరు.

ఆయన నోట మ్యూర్ తండ్రి వాదం కూడా విన్నాను. "వీళ్ళకు వ్యవసాయం ఏం తెలుసురా? మనం వచ్చేదాకా ఇదంతా బీడు" అనేవారు. అది బీడు కాదు. జొన్న, పత్తి, కుసుమలు పండిన నేల. వాన ఎప్పుడు పడుతుందో, ఏ పైరు తరువాత ఏ పైరు వేయాలో, ఏ యేడు నేలను ఊరికే వదలాలో తెలిసినవారు దున్నిన నేల. ఊరికే వదిలిన యేడు చూసినవారికి అది బీడుగా కనబడింది. మా పొలం అమ్మిన పెద్దాయన కొన్నేళ్ళకు అదే పొలంలో మా తాతగారికి కూలికి వచ్చారు. ఇద్దరూ ఒకరినొకరు "అన్నా" అని పిలుచుకొనేవారు. నాట్లనాడు ఇద్దరూ ఒకే గట్టు మీద కూర్చొని తినేవారు. దాంట్లో కపటం ఏమీ లేదు. దానివల్ల లెక్క సరిపోనూ లేదు.

రెండు కథలూ ఒకటేనని నేను అనటం లేదు. మా తాతగారి వెనక సైన్యం లేదు. అబద్ధపు ఒడంబడిక లేదు. ధర మాట్లాడుకొని, అమ్మేవాడి ఇష్టంతో కొన్నారు. ఎనిమిదేళ్ళు అని చెప్పి ఎనిమిది నెలలు రాయటానికీ దీనికీ పోలిక తేవటం హో-చంక్ ప్రజలకు అన్యాయం. నీళ్ళు రాబోతున్నాయని తెలిసి కొన్నవాడికీ, ఆ నీళ్ళతో ఏం చేయాలో తెలియక అమ్మినవాడికీ మధ్య వున్న తేడా కూడా నిజమే. నేను పోల్చేది వాదాన్ని మాత్రమే. "వాళ్ళకు వాడుకోవటం తెలియదు" అన్న ఒక్క వాక్యం స్కాట్లండు రైతు నోటా, దివిసీమ రైతు నోటా ఒకే తీరుగా ఎలా పలికిందన్నదే నా ఆశ్చర్యం.

ఆ వాక్యం తప్పని నాకు రుజువు చూపింది కూడా ఈ బాటే. మ్యూర్ కుటుంబం వచ్చేసరికి ఆ ప్రాంతం దట్టమైన అడవి కాదు. గడ్డి మైదానం మధ్య దూరదూరంగా ఓక్ చెట్లు, కింద పూలు. ఇది దానంతట అది అలా లేదు. స్థానికులు ఏటేటా గడ్డికి నిప్పు పెట్టేవారు. ఆ మంటలకు పొదలు పోయి, దళసరి బెరడు గల ఓక్ చెట్లు నిలిచి, లేత గడ్డి మొలిచి, మేతకు జింకలు వచ్చేవి. ఖాళీగా పడివున్నదని కొత్తవారు అనుకొన్న నేల నిజానికి సాగులోనే వుంది. నాగలి లేని సాగు. మంటలు ఆగిన కొద్ది ఏళ్ళకే చెట్లు ఎంత చిక్కగా పెరిగి మైదానాన్ని మింగాయో మ్యూర్ తానే రాశాడు. యూరపు నుంచి కంచెల కోసం తెచ్చిన బక్‌థార్న్ అనే ముళ్ళపొద తరువాత అడవుల్లోకి పాకింది. ఇప్పుడు బాట కోసం పనిచేసే స్వచ్ఛంద సేవకులు ఆ పొదలను నరికి, గాలి వాటం చూసుకొని, గడ్డికి నిప్పు పెడుతున్నారు. నూటయాభై ఏళ్ళ తరువాత శాస్త్రం తెలిసినవారు వచ్చి చేస్తున్న పని, తరిమివేయబడ్డవారు చేసిన పనే.

మా వైపు సంగతి కూడా చెప్పి ముగిస్తాను. తుంగభద్ర ఆయకట్టులో ఏడాది పొడుగునా నీళ్ళు నిలిపి వరి వేసిన నల్లరేగడి నేలలు చాలాచోట్ల ఊటెక్కి చౌడుబారాయి. మా పదెకరాలలో పల్లపు రెండెకరాలు అలాగే పోయాయి. తెల్లగా ఉప్పు పేరిన ఆ చెక్కను చూసి మా నాన్నగారు ఒకసారి, ఆ పెద్దాయన ఇక్కడ కుసుమలు తప్ప వేసేవాడు కాదని తాత చెప్పేవాడు, ఎందుకో అడగనే లేదు అన్నారు. ఇప్పుడు అడగటానికి ఇద్దరూ లేరు.

తెలుగులో సరైన మాట కోసం మొదలుపెట్టాను కదా. మెకంజీ కైఫీయతులు తిరగేసినవారికి తెలుసు, అడవి కొట్టించి గ్రామం కట్టించారు అన్న మాట ఎన్ని ఊళ్ళ పుట్టుకలో వస్తుందో. ఆ అడవిలో అప్పటికి ఎవరున్నారో కైఫీయతు సామాన్యంగా చెప్పదు. కాబట్టి ఆ మాటలోని మౌనం మనకు కొత్త కాదు. మార్గదర్శి పనికిరాదు, మార్గం ముందే వుంది. ఆద్యుడు పనికిరాదు, ఆదిలో వేరేవారున్నారు. మన సామెతలో మాత్రం ఈ మనిషి సరిగ్గా వున్నాడు. ముందు వచ్చిన చెవుల కన్నా వెనక వచ్చిన కొమ్ములు వాడి. పయొనీరు అంటే కొమ్ము. వాడిగా వుంటుంది, కష్టపడుతుంది, పొడుస్తుంది, ఫలకం మీద కనబడుతుంది. వినటం మాత్రం చెవుల పని.

మా ఇంట్లో ఆ పది ఎకరాలను తాతగారి పొలం అని ఎవరూ అనరు. అరవై ఏళ్ళు దాటినా, అమ్మిన పెద్దాయన పేరుతోనే పిలుస్తాము. "ఫలానా వారి పొలానికి నీళ్ళు పెట్టాలి" అని మా నాన్నగారు ఫోనులో అంటుంటే చిన్నప్పటినుంచీ అలవాటయిన ఆ పేరును ఎన్నడూ పట్టించుకోలేదు. ఈ మధ్య మా అమ్మాయి ఆ పేరు విని, ఎవరు నాన్నా ఆయన అని అడిగింది. ఇదంతా దానికి చెప్పటానికి ఒక ఆదివారం సరిపోయింది, నాలుగు మైళ్ళ బాటతో సహా.